సంతకం ఒకరిది, మాట ఇంకొకరిది

1957 జూన్‌లో జీవిత బీమా సంస్థ కలకత్తా వ్యాపారి హరిదాస్ ముంధ్రాకు చెందిన ఆరు కంపెనీల షేర్లను దాదాపు కోటీ పాతిక లక్షల రూపాయలకు కొన్నది. సంస్థ పుట్టి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. పెట్టుబడులపై సలహా చెప్పాల్సిన కమిటీని ఎవరూ అడగలేదు. పీకల్లోతు చిక్కుల్లో ఉన్న ముంధ్రాను గట్టెక్కించడానికే ఇదంతా జరిగిందని ఆ డిసెంబరులో లోక్‌సభలో నిలదీసినాయన ప్రతిపక్షం మనిషి కాదు. పాలక కాంగ్రెస్ సభ్యుడు, సాక్షాత్తూ ప్రధాని అల్లుడు ఫిరోజ్ గాంధీ. బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. చాగ్లా ఏకసభ్య కమిషన్‌గా బహిరంగ విచారణ జరిపి కొన్ని వారాల్లోనే నివేదిక చేతిలో పెట్టారు. ఇప్పటి కమిషన్లకు పొడిగింపుల మీద పొడిగింపులు ఇవ్వడం చూస్తున్నవాళ్లకు ఆ వేగం నమ్మశక్యంగా ఉండదు.

కమిషన్ ముందున్న అసలు ప్రశ్న చిన్నదే. షేర్లు కొనమన్నది ఎవరు? మంత్రికి చెప్పే చేశానని ఆర్థిక శాఖ ముఖ్య కార్యదర్శి హెచ్.ఎం. పటేల్ అన్నారు. తాను అనుమతి ఇవ్వలేదని మంత్రి టి.టి. కృష్ణమాచారి అన్నారు. ఇద్దరి మధ్యా నడిచినవి మాటలే, కాగితం లేదు. కార్యదర్శి చేసిన పనికి రాజ్యాంగరీత్యా మంత్రిదే బాధ్యత అనీ, కింది అధికారిని ముందుకు తోసి తాను పక్కకు తప్పుకోవడం కుదరదనీ చాగ్లా తేల్చారు. 1958 ఫిబ్రవరిలో కృష్ణమాచారి రాజీనామా చేశారు. పటేల్ మీద విడిగా విచారణ నడిచింది. ఆయనా సర్వీసు వదిలేసి గుజరాత్ వెళ్లిపోయారు.

ఆ తర్వాత జరిగింది చాలామందికి గుర్తుండదు. కృష్ణమాచారి 1963లో మళ్లీ ఆర్థిక మంత్రి అయ్యారు. రాజకీయాల్లోకి దిగిన పటేల్ 1977లో మొరార్జీ దేశాయ్ ప్రభుత్వంలో అదే కుర్చీలో కూర్చున్నారు. స్వతంత్ర భారతపు తొలి పెద్ద ఆర్థిక కుంభకోణంలో ఎదురెదురుగా నిలబడి ఒకరి మాట ఒకరు కాదన్న ఇద్దరూ చివరికి ఆర్థిక శాఖనే ఏలారు. ఎవరిది నిజమో చెప్పగల కాగితం అప్పుడూ లేదు, ఆ తర్వాతా దొరకలేదు.

మన దేశంలో ఉన్నతాధికారుల జవాబుదారీతనం మీద జరిగిన చర్చంతా రెండు ప్రశ్నల చుట్టూ తిరిగింది. ఎంత తిన్నారు? విచారించడానికి ఎవరి అనుమతి కావాలి? పార్లమెంటు, సుప్రీంకోర్టు, సంతానం కమిటీ, లోక్‌పాల్ ఉద్యమం, అన్నీ ఈ రెంటినే పట్టుకున్నాయి. ఆ ఆదేశం ఎక్కడ రాసి ఉంది అన్న మూడో ప్రశ్నను అడిగినవాళ్లు తక్కువ. నా లెక్కన మొదటి రెంటికంటే ఎక్కువ కేసులు గట్టున పడిందీ, మునిగిందీ ఈ మూడో ప్రశ్న దగ్గరే.

మంత్రుల సంగతి కాస్త వేరు. వాళ్లకు నైతిక బాధ్యత అనే సంప్రదాయం ఒకటి ఉంది, పాటించినా పాటించకపోయినా. 1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి రైలు పడిపోయి వందమందికి పైగా చనిపోయినప్పుడు రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇచ్చారు. నెహ్రూ ఒప్పుకోలేదు. మూడు నెలలు తిరగకముందే తమిళనాట అరియలూరు ప్రమాదం జరిగింది. ఈసారి రాజీనామా ఆగలేదు. రైల్వే బోర్డులోని అధికారుల పేర్లు ఎవరికైనా గుర్తున్నాయా? ఉండవు, ఉండాలని ఎవరూ అనుకోలేదు కూడా. మంత్రి పేరు చెప్పుకునేవాడు, అధికారి పేరు లేనివాడు. బ్రిటిష్ వాళ్ల నుంచి మనకు వచ్చిన ఒప్పందం అది. మంచికీ చెడుకీ మంత్రి ముందుంటాడు, అధికారి వెనకుండి నిర్భయంగా సలహా చెబుతాడు. ఆ నిర్భయానికి గ్యారంటీగానే సర్దార్ పటేల్ 1949 అక్టోబరులో రాజ్యాంగ సభలో అఖిల భారత సర్వీసుల రక్షణ కోసం పట్టుబట్టారు. 311వ అధికరణం వెనకున్న ఆలోచన ఇదే. నియమించిన వాళ్లకంటే కింది వాళ్లు తీసేయడానికి లేదు. అభియోగాలు చెప్పి, వాదన వినిపించుకునే అవకాశం ఇవ్వకుండా తీసేయడానికీ లేదు.

పటేల్ అడిగిన రక్షణ సలహా చెప్పే నోటికి. ఏడు దశాబ్దాల్లో అది సంతకం పెట్టే చేతికి కవచంగా మారింది. ఆచరణలో ఎలా ఉంటుందో చూడండి. ఒక ఐఏఎస్ అధికారిని రాష్ట్ర ప్రభుత్వం సస్పెండ్ చేయగలదు, బదిలీ చేయగలదు, వేరే పోస్టు ఇవ్వకుండా కూర్చోబెట్టగలదు. ఉద్యోగం తీసేయాలంటే మాత్రం ఢిల్లీ కావాలి. చార్జిమెమో, విచారణాధికారి, విజిలెన్స్ కమిషన్ సలహా, యూపీఎస్సీ సంప్రదింపు, మధ్యలో ట్రిబ్యునల్, హైకోర్టు. ఇవన్నీ దాటేసరికి అధికారి రిటైరైపోతాడు. రిటైరయ్యాక నాలుగేళ్లకు పైబడిన పాత సంగతి మీద కొత్తగా శాఖాపరమైన విచారణ మొదలుపెట్టడానికి పెన్షన్ నిబంధనలు ఒప్పుకోవు. కాబట్టి తప్పు చేసినవాడికి కావాల్సింది నిర్దోషిత్వం కాదు, కాలయాపన. అది మన సచివాలయాల్లో ఎప్పుడూ కొరతలేని సరుకు.

ఇక అనుమతుల కథ. దీన్ని కాస్త నెమ్మదిగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఒకే తలుపును మూడుసార్లు వేసి రెండుసార్లు తీసిన విచిత్రం ఇక్కడుంది. 1962లో ఏర్పడ్డ సంతానం కమిటీ సిఫార్సు మీద 1964లో కేంద్ర విజిలెన్స్ కమిషన్ వచ్చింది. అంతకు ముందు ఏడాదే సీబీఐ పుట్టింది. 1969లో కేంద్రం సీబీఐకి ఒక ఆదేశం జారీచేసింది. జాయింట్ సెక్రటరీ, ఆపై హోదా ఉన్నవాళ్ల మీద దర్యాప్తుకు ముందు ప్రభుత్వాన్ని అడగాలి. దీన్నే సింగిల్ డైరెక్టివ్ అంటారు. జైన్ హవాలా వ్యవహారం కోర్టుకెక్కిన వినీత్ నారాయణ్ కేసులో 1997 డిసెంబరులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆరేళ్లు తిరగకుండానే, 2003లో, విజిలెన్స్ కమిషన్ చట్టం ముసుగులో అదే నిబంధన 6ఎ సెక్షన్‌గా లోపలికొచ్చింది. అప్పటికి అది ప్రభుత్వ ఆదేశం కాదు, పార్లమెంటు చట్టం. 2014 మేలో రాజ్యాంగ ధర్మాసనం దాన్నీ కొట్టేసింది. అవినీతి చేసినవాళ్లలో హోదాను బట్టి పెద్దా చిన్నా తేడా పెట్టడం సమానత్వానికి విరుద్ధమంది. నాలుగేళ్లకు, 2018 జులైలో, అవినీతి నిరోధక చట్టాన్ని సవరించి 17ఎ సెక్షన్ తెచ్చారు. కోర్టు తేడా చూపకూడదంది కదా, సరే, తేడా తీసేశారు. ఇప్పుడు జాయింట్ సెక్రటరీకే కాదు, విధి నిర్వహణలో తీసుకున్న నిర్ణయం విషయంలో ఏ ప్రభుత్వోద్యోగి మీద దర్యాప్తు మొదలుపెట్టాలన్నా ముందస్తు అనుమతి కావాలి. గడువు మూడు నెలలు, అవసరమైతే ఇంకో నెల. చట్టం రాసినవాళ్ల చమత్కారాన్ని మెచ్చుకోవాలి. తీర్పులోని తర్కాన్నే వాడి తీర్పును తలకిందులు చేశారు.

17ఎ తెలుగువాళ్లకు బాగా పరిచయమైంది 2023లో, నైపుణ్యాభివృద్ధి సంస్థ కేసులో చంద్రబాబు నాయుడు అరెస్టుతో. గవర్నర్ ముందస్తు అనుమతి లేకుండా కేసు పెట్టడం చెల్లుతుందా అన్న ప్రశ్న సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2024 జనవరిలో ఇద్దరు న్యాయమూర్తులు రెండు రకాలుగా చెప్పారు. అనుమతి తప్పనిసరి అన్నారు జస్టిస్ అనిరుద్ధ బోస్. సవరణకు ముందు జరిగినవాటికి అది వర్తించదన్నారు జస్టిస్ బేలా త్రివేది. టీవీ చర్చల్లో రెండు వారాలపాటు సెక్షన్ నంబర్లు పొడిపొడిగా వినపడ్డాయి. ఆ కేసులోని అధికారులు ఏ ఫైల్లో ఏం రాశారు, ఆర్థిక శాఖ ఏం అభ్యంతరం చెప్పింది అన్నవి మాత్రం పార్టీల వాదోపవాదాల్లో పడి కొట్టుకుపోయాయి.

దర్యాప్తుకు ఒక అనుమతి అయితే, దర్యాప్తు ముగిశాక ప్రాసిక్యూషన్‌కు ఇంకో అనుమతి. అవినీతి నిరోధక చట్టంలో 19వ సెక్షన్, పాత నేర విచారణ స్మృతిలో 197. కొత్త నాగరిక్ సురక్షా సంహిత 218వ సెక్షన్‌లో 120 రోజుల్లో తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే భావించాలని రాశారు. మంచి మాటే. అవినీతి కేసులకు ప్రధానమైన 19వ సెక్షన్‌లో అలాంటి మాట లేదు. పైగా 2018 సవరణ ఆ రక్షణను రిటైరైనవాళ్లకూ పొడిగించింది. ఈ నిబంధనలన్నీ దొంగల్ని కాపాడడానికే అని తీర్మానించేయడం తేలిక. నేను ఆ మాట అనను. ప్రభుత్వం మారిన ప్రతిసారీ పాత ప్రభుత్వంలోని కార్యదర్శుల మీద కేసులు పడే రాష్ట్రాల్లో మనం బతుకుతున్నాం. ముందస్తు అనుమతి నిజాయితీపరుడికి కొంత ఊరట. కాకపోతే ఆ అనుమతి ఇచ్చేది ఎవరు? ఆ నిర్ణయం ఎవరి కోసం జరిగిందో వాళ్లే, లేదంటే వాళ్ల ప్రత్యర్థులు. మధ్యస్థుడు ఎక్కడా లేడు.

మధ్యస్థుడిగా ఉండాల్సిన సంస్థల సంగతి రెండు మాటల్లో ముగించవచ్చు. 2010లో కేంద్ర విజిలెన్స్ కమిషనర్‌గా పి.జె. థామస్‌ను నియమించారు. కేరళ పామోలిన్ దిగుమతి కేసులో ఆయన నిందితుడిగా ఉన్న సంగతి ఎంపిక కమిటీ పట్టించుకోలేదంటూ 2011 మార్చిలో సుప్రీంకోర్టు ఆ నియామకాన్ని రద్దు చేసింది. లోక్‌పాల్ చట్టం 2013 డిసెంబరులో ఆమోదం పొందింది. మొదటి లోక్‌పాల్ వచ్చింది 2019 మార్చిలో. ఐదేళ్లు కుర్చీ ఖాళీ. అన్నా హజారే దీక్ష నాటి ఆవేశం గుర్తున్నవాళ్లకు, 2025 అక్టోబరులో అదే లోక్‌పాల్ ఏడు బీఎండబ్ల్యూ కార్లకు టెండరు పిలిచిందన్న వార్త చదివినప్పుడు నవ్వాలో ఏడవాలో తెలిసి ఉండదు. ఎన్టీఆర్ హయాంలో 1983లోనే చట్టం చేసుకున్న మన లోకాయుక్తలు సిఫార్సులే చేయగలరు, శిక్షలు వేయలేరు.

బొగ్గు కేసుల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం. ఈ ప్రశ్నంతా ఒక్కచోట కనపడేది అక్కడే. 2004 మార్చిలో ఆంధ్రప్రదేశ్ కేడర్ అధికారి పి.సి. పరఖ్ కేంద్ర బొగ్గు శాఖ కార్యదర్శి అయ్యారు. గనులను స్క్రీనింగ్ కమిటీ చేత పంచిపెట్టించడం మానేసి వేలం వేయాలని ఆ జులైలోనే నోట్ పెట్టారు. పంచిపెట్టినంత కాలం గని దక్కినవాడికి అయాచిత లాభం తప్పదన్నది ఆయన వాదన. సహాయ మంత్రిగా ఉన్నది మన దర్శకరత్న దాసరి నారాయణరావు. వేలం ప్రతిపాదనను ముందుకు తీసుకెళ్లక్కర్లేదని ఆయన ఫైల్లో అభిప్రాయం రాశారు. కొంతకాలం శాఖ ప్రధాని మన్మోహన్ సింగ్ దగ్గరే ఉంది. ఆయన సూత్రప్రాయంగా వేలానికి మొగ్గారు, ఫైలు మాత్రం కదల్లేదు. చట్టసవరణకు 2010 దాకా, నిజమైన వేలానికి 2015 దాకా పట్టింది. ఈలోగా 2012లో కాగ్ 1.86 లక్షల కోట్ల లెక్క చెప్పింది. 2014 సెప్టెంబరులో సుప్రీంకోర్టు 214 బ్లాకులు రద్దుచేసింది.

వేలం వేయమని రాసిన పరఖ్ మీదే 2013 అక్టోబరులో సీబీఐ కేసు పెట్టింది. హిందాల్కోకు తలబిరా గనిలో వాటా ఇవ్వడంలో కుట్ర ఉందని. నేను కుట్రదారుణ్నైతే తుది నిర్ణయం తీసుకున్న ప్రధానీ కుట్రదారే కావాలి కదా అని ఆయన హైదరాబాద్ నుంచి అడిగిన మాట అప్పట్లో అన్ని పత్రికల్లోనూ పతాక శీర్షికైంది. కేసు మూసేస్తామని సీబీఐ చెప్పినా ప్రత్యేక కోర్టు ఒప్పుకోలేదు. 2015 మార్చిలో పరఖ్‌తో పాటు మాజీ ప్రధానికి కూడా సమన్లు పంపింది. ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వాటిపై స్టే ఇచ్చింది. అప్పటికే పరఖ్ తన కథను పుస్తకంగా రాసి ప్రచురించుకున్నారు. ఆయన అలా రాసుకోగలిగింది తన నోట్లు ఫైళ్లలో ఉన్నాయి కాబట్టి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కాదు.

పరఖ్ తర్వాత ఆ కుర్చీలోకి వచ్చిన హెచ్.సి. గుప్తా గతి వేరేలా ఉంది. స్క్రీనింగ్ కమిటీ అధ్యక్షుడిగా పాత పద్ధతినే నడిపిన ఆయన మీద డజనుకు దగ్గరగా కేసులు పడ్డాయి. కమల్ స్పాంజ్ కేసులో 2017 మేలో రెండేళ్ల శిక్ష, ఆ తర్వాతి ఏడాది బెంగాల్ గని కేసులో మూడేళ్లు. కొన్నింటిలో నిర్దోషి అని కూడా తేలింది. ఆయన డబ్బు తిన్నారన్నది అక్కడ ప్రధానాంశం కాదు. అప్పటి చట్టంలో 13(1)(డి)(iii) అనే క్లాజు ఉండేది. ప్రజాప్రయోజనం లేకుండా ఎవరికైనా ఆర్థిక లాభం చేకూరిస్తే చాలు, దురుద్దేశం రుజువు చేయక్కర్లేదు. 2016లో గుప్తా కోర్టులో లేచి, లాయర్ల ఫీజులు కట్టే స్తోమత తనకు లేదనీ, బెయిల్ వదులుకుని జైలు నుంచే విచారణ ఎదుర్కొంటాననీ అన్నారు. ఐఏఎస్ అధికారుల సంఘం ఆయన వెనక నిలబడింది. ఆ క్లాజు 2018లో పోయింది. పాత కేసులు పోలేదు.

గుప్తా నిర్దోషి అని నేను వాదించడం లేదు. దరఖాస్తులు అసంపూర్తిగా ఉన్నా వడపోత లేకుండా గనులు ఇచ్చారని కోర్టు చెప్పింది, అది తేలికగా కొట్టిపారేయాల్సింది కాదు. నన్ను ఆపేది ఇంకో అంశం. కమిటీ సిఫార్సులకు ఆమోదముద్ర వేసింది బొగ్గు శాఖను చూస్తున్న ప్రధాని. కార్యదర్శి ప్రధానిని చీకట్లో ఉంచారని ప్రత్యేక కోర్టు భావించింది. అంటే పైవాడు నమ్మాడు, కిందివాడు వంచించాడు. 1958లో చాగ్లా ఒప్పుకోని వాదన ఇదే. అప్పుడు మంత్రి కార్యదర్శిని చూపించి తప్పించుకోలేకపోయాడు. దాదాపు అరవై ఏళ్లకు అదే వాదన చట్టబద్ధంగా నిలబడింది. స్పెక్ట్రమ్ కేసులో అయితే మంత్రి రాజా, కార్యదర్శి సిద్ధార్థ బెహురా ఇద్దరూ జైలుకెళ్లి ఇద్దరూ 2017 డిసెంబరులో నిర్దోషులుగా బయటికొచ్చారు. లైసెన్సులు మాత్రం అంతకు ఐదేళ్ల ముందే 122 రద్దయ్యాయి. విధానం తప్పని ఒక కోర్టు, నేరం రుజువు కాలేదని ఇంకో కోర్టు.

మన దగ్గర ఈ పీటముడి ఇంకా బిగుసుకుంది. జగన్ ఆస్తుల కేసులో వివాదమైన 26 జీవోల మీద 2012లో సుప్రీంకోర్టు ఆరుగురు మంత్రులకూ ఎనిమిది మంది ఐఏఎస్ అధికారులకూ నోటీసులు ఇచ్చింది. ఆ నెలల్లో హైదరాబాద్ సచివాలయంలో వినిపించిన సంభాషణ నిజంగా తిలాపాపం తలా పిడికెడు. నిబంధనలు చూడాల్సింది కార్యదర్శి, మేం విధానమే చెబుతాం అని మంత్రులు. బిజినెస్ రూల్స్ ప్రకారం శాఖకు అధిపతి మంత్రే, ఆయన ఆదేశాన్నే మేం అమలు చేశాం అని అధికారులు. పైన ముఖ్యమంత్రి ఆదేశం ఉందా, కేబినెట్ ఆమోదం ఉందా, ఉంటే ఎక్కడ రాసి ఉంది? ఆ ముఖ్యమంత్రి అప్పటికే లేరు. జీవో కింద గవర్నర్ ఆదేశం మేరకు అని ఉంటుంది, సంతకం కార్యదర్శిది.

ఓబుళాపురం గనుల కేసు 2009 డిసెంబరులో నమోదైంది. 2025 మే 6న నాంపల్లి సీబీఐ కోర్టు తీర్పు చెప్పింది. గాలి జనార్దన్ రెడ్డితో పాటు అప్పటి గనుల శాఖ డైరెక్టర్ వి.డి. రాజగోపాల్‌కు ఏడేళ్ల శిక్ష పడింది. అప్పటి గనుల మంత్రి సబితా ఇంద్రారెడ్డి, పరిశ్రమల శాఖ కార్యదర్శిగా పనిచేసిన కృపానందం నిర్దోషులుగా బయటపడ్డారు. శిక్ష పడ్డవాళ్లు హైకోర్టుకు వెళ్లారు, శిక్ష అమలు నిలిచింది. ఇదే కేసులో మరో ఐఏఎస్ అధికారి శ్రీలక్ష్మిని 2022లో తెలంగాణ హైకోర్టు కేసు నుంచి తప్పించింది. నాంపల్లి తీర్పు మర్నాడే సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును పక్కనపెట్టి మళ్లీ వినమంది. పదహారేళ్ల కేసు. లీజు జీవోలో గనిని సొంత పరిశ్రమ అవసరాలకే వాడాలన్న షరతు ఎలా జారిపోయిందన్నది ఇందులో కీలకమైన ఆరోపణ. ఆరోపణ నిజమా కాదా అన్నది కోర్టులు చెబుతాయి. అది తేలాలంటే ముసాయిదా ఎవరు రాశారు, ఎవరు దిద్దారు, దిద్దమని ఎవరు చెప్పారు అన్నవి తేలాలి. మొదటి రెండూ ఫైల్లో దొరుకుతాయి. మూడోది దొరకదు.

కాళేశ్వరం మీద జస్టిస్ పినాకి చంద్ర ఘోష్ కమిషన్ 2025 జులై ఆఖరున నివేదిక ఇచ్చింది. దేశానికి మొదటి లోక్‌పాల్ ఈయనే, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగానూ పనిచేశారు. 2023 అక్టోబరులో మేడిగడ్డ పియర్లు కుంగాక మొదలైన ఈ విచారణలో ఇంజినీర్లు, ఐఏఎస్ అధికారులు, చివరికి మాజీ ముఖ్యమంత్రి కూడా హాజరయ్యారు. బ్యారేజీల స్థలం ఎవరు ఖాయం చేశారు, ఆ జీవోలు కేబినెట్ ముందుకు వచ్చాయా రాలేదా అన్నదే ప్రధాన వివాదాల్లో ఒకటి. లక్ష కోట్ల ప్రాజెక్టులోనూ ముంధ్రా నాటి ప్రశ్నే. ఎవరు చెప్పారు?

కింది మెట్ల దగ్గర ఈ ప్రశ్నే తలెత్తదు. ఏసీబీ వాళ్ల ట్రాప్‌లో నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి రాస్తారు, పట్టుబడ్డవాడి చేతుల్ని సోడియం కార్బొనేట్ నీళ్లలో ముంచుతారు, నీళ్లు గులాబీ రంగులోకి తిరుగుతాయి. మర్నాడు జిల్లా పేజీలో ఫొటో. వీఆర్వో, సర్వేయర్, సబ్ ఇంజినీర్, ఎస్సై. ఫిర్యాదుదారు అడ్డం తిరిగినా పరిస్థితుల సాక్ష్యంతో శిక్ష వేయవచ్చని 2022 డిసెంబరులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పాక ఈ కేసులు ఇంకా గట్టిపడ్డాయి. పదివేల లంచానికి సాక్ష్యం రంగు మారే నీళ్లలో ఉంది. వెయ్యి కోట్ల నిర్ణయంలో నోట్లు చేతులు మారవు, మారినా ఇక్కడ మారవు. కార్యదర్శి దగ్గర ముంచి చూడటానికి చేతులు దొరకవు, దొరికేది ఆయన రాసిన నాలుగు పేరాలే. ఆ నాలుగు పేరాలూ ఎలా రాయాలో ముస్సోరీ ఐఏఎస్ అకాడమీలో నేర్పకపోయినా సర్వీసు నేర్పేస్తుంది.

సర్వీసులో అందరూ అలా నేర్చుకున్నవాళ్లేం కాదు. 1996 జనవరిలో చాయిబాసాలో పశుసంవర్ధక శాఖ కార్యాలయాల మీద దాడిచేసి పశుదాణా కుంభకోణాన్ని బయటకు లాగింది అక్కడి డిప్యూటీ కమిషనర్, యువ ఐఏఎస్ అధికారి అమిత్ ఖరే. అదే కుంభకోణంలో తర్వాత శిక్షపడ్డవాళ్లలోనూ ఐఏఎస్‌లున్నారు. ఉత్తరప్రదేశ్ ఐఏఎస్ సంఘం 90ల మధ్యలో తమలో అతి అవినీతిపరులెవరో రహస్య ఓటుతో తేల్చాలనుకుంది. ఓట్లు పడ్డాయి కూడా. ఆ జాబితాలోని అఖండ ప్రతాప్ సింగ్, నీరా యాదవ్ ఇద్దరూ ఆ తర్వాత ఆ రాష్ట్ర ప్రధాన కార్యదర్శులయ్యారు. నీరా యాదవ్‌ను 2005లో సుప్రీంకోర్టు జోక్యంతో ఆ పదవి నుంచి తప్పించాల్సొచ్చింది. నోయిడా స్థలాల కేసులో ఆమె దోషిత్వాన్ని 2017లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. హర్యానాలో అశోక్ ఖేమ్కాను 34 ఏళ్ల సర్వీసులో యాభైకి పైగా బదిలీ చేశారు. ఏ చార్జిమెమో అక్కర్లేకుండా, 311 అడ్డు రాకుండా అధికారిని శిక్షించే మార్గం బదిలీ. దానికి కారణం రాయాల్సిన పనిలేదు. జాతీయ రహదారుల అవకతవకలపై ప్రధాని కార్యాలయానికి లేఖ రాసిన ఇంజినీర్ సత్యేంద్ర దూబే 2003 నవంబరులో గయలో హత్యకు గురయ్యారు. ఆ హత్య తర్వాత మొదలైన చర్చ 2014లో విజిల్‌బ్లోయర్ల రక్షణ చట్టంగా పార్లమెంటు దాటింది. అమలు తేదీ నోటిఫై కాక ఆ చట్టం ఏళ్ల తరబడి కాగితం మీదే ఉండిపోయింది.

కాగితం దగ్గరికే మళ్లీ వద్దాం. అఖిల భారత సర్వీసుల ప్రవర్తనా నియమావళి, 1968లో ఒక రూల్ ఉంది, మూడో రూల్ మూడో ఉపనిబంధన. పై అధికారి ఆదేశం మామూలుగా రాతలోనే ఉండాలి. నోటిమాటగా ఇవ్వక తప్పకపోతే వెంటనే రాతలో ఖాయం చేయాలి. విన్న అధికారి దాన్ని రాతలో అడిగి తీసుకోవాలి. అంటే రాయించుకోవడం హక్కే కాదు, విధి కూడా. మాజీ కేబినెట్ కార్యదర్శి టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్, మరికొందరు వేసిన పిటిషన్‌లో 2013 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. నోటి ఆదేశాలు జవాబుదారీతనాన్ని మాయం చేస్తాయంది, పోస్టింగుకు కనీస కాలపరిమితి ఉండాలంది, సివిల్ సర్వీసెస్ బోర్డులు పెట్టమంది. బోర్డులు చాలాచోట్ల జీవోల్లో పుట్టాయి. అయితే రాత అడిగిన మర్నాడు తన సామాను సర్దుకోవాల్సొస్తుందని తెలిసిన అధికారి రాత ఎలా అడుగుతాడు? కాలపరిమితి లేకుండా ఈ రూల్ పనిచేయదు. ఆ రెండూ ఒకే తీర్పులో ఉండటం యాదృచ్ఛికం కాదు, కానీ వాటిని జంటగా చూసి అమలు చేసిన ప్రభుత్వం నాకు కనపడలేదు.

ఫైల్లో రాసినదాన్ని జనం చూడవచ్చా అన్నది ఇంకో పోరాటం. సమాచార హక్కు చట్టం వచ్చిన ఏడాదికే, 2006లో, నోట్ షీట్లను దాని పరిధి నుంచి తప్పించాలని కేంద్ర కేబినెట్ సవరణకు సిద్ధమైంది. దేశమంతా గొడవ చేశాక వెనక్కి తగ్గింది. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమాచార హక్కులోని 8(1)(జె)ను తిరగరాసింది. ఫలానా ఫైల్లో ఫలానా అధికారి ఏం రాశాడన్నది వ్యక్తిగత సమాచారమా, ప్రజల సమాచారమా అన్న తగవుకు ఆ సవరణ కొత్త తలుపు తెరిచింది. అధికారుల సంఘాలు గుప్తా కేసులో ఒక్కటయ్యాయి, 17ఎ కోసం గట్టిగా వాదించాయి. నోట్ షీట్లు బయట ఉండాలని, నోటి ఆదేశాలకు లాగ్ పుస్తకం పెట్టాలని అవి ధర్నా చౌక్‌కు వచ్చిన దాఖలా నాకు గుర్తు లేదు. నిజాయితీపరుడికి 17ఎ కన్నా ఆ పుస్తకమే పెద్ద రక్ష. పరఖ్‌ను నిలబెట్టింది ఏ సెక్షన్ కూడా కాదు, 2004లో పెట్టిన నోట్.

ఇప్పుడు సచివాలయాలు ఈ-ఆఫీస్‌కు మారాయి. ఏ నోట్ ఎవరి లాగిన్ నుంచి ఏ నిమిషంలో వెళ్లిందో నమోదవుతుంది, పాతరోజుల్లో లాగా పేజీ చింపి కొత్త పేజీ పెట్టడం కుదరదు. ఆ మేరకు సంతకం పెట్టేవాడి జాడ ముందుకంటే చెరగనిదైంది. ఆదేశాలు మాత్రం వాట్సాప్ కాల్‌లోకి, ఇరవై నాలుగు గంటల్లో చెరిగిపోయే మెసేజ్‌లోకి మారాయి. ఈ రెంటి మధ్య దూరాన్ని పూడ్చే నిబంధన 1968 నుంచి పుస్తకంలో ఉంది. పేషీ నుంచి ఫోన్ వచ్చినప్పుడు, ఫలానా సమయంలో ఫలానావారు చెప్పగా అని ఈ-ఫైల్లో ఒక్క వాక్యం టైప్ చేయడానికి ఏ అధికారికీ ఎవరి ముందస్తు అనుమతీ అక్కర్లేదు.